ఎక్కాల రాగంలో సెర్బియను భాష

విదేశీ అతిథుల కోసం వండిన బిర్యానీ వంటగిన్నెల్లోనే చల్లారిపోతోంది. మేనేజరు దొర మైకు ముందు నిలబడి గొంతు సవరించుకుంటున్నాడు. బ్యాండువాళ్లు ఎవరి కోసం వాయిస్తున్నారో వాళ్లకే తెలియకుండా వాయిస్తున్నారు. ఇంత కొంపకూ నిప్పు పెట్టిన మహానుభావుడు మాత్రం బ్యాండు వెనకాల ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఘనకార్యం చేసినవాడిలా నవ్వుకుంటూ నడిచి వస్తున్నాడు. ఆ మహానుభావుణ్ణి నేనే. భూగోళంలో సరిహద్దులు కలవని దేశాల మధ్య కూడా తగాదా పెట్టవచ్చునని ఆ రోజు మందమర్రిలో నేను దాదాపు రుజువు చేశాను. ఎట్లా చేశానో చెబుతాను, నవ్వుకోండి. నాకేం బాధ లేదు, నేనూ ఎప్పుడో నవ్వేసుకున్నాను.

అప్పుడు నేను మందమర్రి బొగ్గుగని ఆఫీసులో తాత్కాలిక గుమాస్తాను. తాత్కాలికం అంటే కుర్చీ ఉంటుంది గానీ అది నాది కాదు. కుర్చీ నాది కానంతవరకు కంపెనీ క్వార్టర్ నాది కాదు. క్వార్టర్ నాది కానంతవరకు నా భార్య సత్తెమ్మ కూడా నాది కాదని మా మామ తీర్మానించాడు. పెళ్లయి ఏడాది దాటింది. ఆమె చెన్నూరులో పుట్టింట్లో, నేను మందమర్రిలో మెస్సులో. పండుగకో పబ్బానికో వెళితే మామ నాకు మంచినీళ్లిచ్చేముందే అడిగేవాడు.

"క్వార్టర్ దొరికిందా అల్లుడా?"

"ఇంక దొరకలే మామా."

"మంచిది. దొరికినంక పిల్లను తోలిస్త. మెస్సుల సంసారం జేస్తరా ఎవరన్న?"

సత్తెమ్మ తలుపు వెనక నుంచి నన్ను చూసేది. ఆ చూపులో ప్రేమ ఎంత ఉండేదో, "ఒక్క గది సంపాయించ చాతగాదా నీకు" అన్న మాట కూడా అంతే ఉండేది. నేను తిరుగు బస్సులో కూర్చుని కిటికీలోంచి కనిపించిన ప్రతి రేకుల షెడ్డునూ ఇదైనా చాలు కదా అనుకుంటూ వచ్చేవాణ్ణి.

ఇట్లా ఉండగా ఒక రోజు మేనేజరు దొర నన్ను పిలిపించాడు. ఆయన గోదావరి జిల్లా మనిషి. కోపం వస్తేనే మాతో "అండీ" అనేవాడు, అదే మాకు ఎక్కువ భయం.

"ఏమయ్యా నర్సయ్యా, నీకు భాషలు బాగా వస్తాయటగా?"

నిజంగానే నాకు ఆ పేరు ఉండేది. నైజాం రోజుల్లో ఉర్దూలో చదివాను. రాజ్యం మారగానే ఇంగ్లీషు పట్టాను. తెలుగు ఎలాగూ ఇంట్లోది. అన్నీ ఒకే పద్ధతిలో నేర్చుకున్నాను. మా చిన్నప్పటి ఖాన్గీ బడిలో, అంటే పంతులు సొంతంగా నడిపే బడిలో, ఆయన నేర్పిన పద్ధతి అది. అర్థం తర్వాత, ముందు రాగం. రెండొక్కట్ల రెండు, రెండ్రెండ్ల నాలుగు అని కళ్లు మూసుకుని ఊగుతూ చదివితే రానిదంటూ ఉండదని మా పంతులు నమ్మకం. ఆయన బెత్తం నమ్మకం కూడా అదే.

"వస్తయి సార్," అన్నాను.

"ఈ చలికాలం మన గనికి రెండు బృందాలు వస్తున్నాయి. ముందు యుగోస్లావియా ఇంజనీర్లు, వాళ్లది సెర్బియను భాష, తర్వాత చైనా వాళ్లు. గేటు దగ్గర వాళ్ల భాషలోనే స్వాగతం చెబితే పైవాళ్ల దగ్గర మన గని పేరు నిలబడుతుంది. రెండింట్లో ఏది సులువో చూసుకుని ఒకటి నేర్చుకో. బాగా చెప్పావంటే నీ ఉద్యోగం ఖాయం చేయించే పూచీ నాది."

ఉద్యోగం ఖాయం అనగానే నాకు క్వార్టర్ కనిపించింది. క్వార్టర్ గుమ్మంలో సత్తెమ్మ కనిపించింది. సెర్బియనా చైనీసా అన్నది అప్పుడు నాకు చాలా చిన్న సంగతి. ఆయన అడిగితే పక్షుల భాష కూడా ఒప్పుకునేవాణ్ణి.

మా పెద్ద గుమాస్తా రహీం సాబ్ మాత్రం ముక్కు మీది కళ్లద్దాలు పైకి నెట్టుకుని అడిగాడు.

"నర్సయ్యా, జర సోచాయించినవా? గవి మన భాషల లెక్క ఉండయి."

"ఏ భాషైనా నోటితోనే గద సాబ్ మాట్లాడేది."

"నోటితోనే. గదే నా ఫికర్," అన్నాడాయన.

ముందు చైనీసు సంగతి చూద్దామనుకున్నాను. కరీంనగర్ బజారులో లీ డాక్టరని ఒక చీనా దంతవైద్యుడు ఉండేవాడు. ఎన్నో ఏళ్ల కిందట వచ్చి స్థిరపడ్డాడు, మాతో మా మాటే మాట్లాడేవాడు. ఆదివారం పెద్దపల్లి దాకా రైలెక్కి, అక్కణ్ణుంచి బస్సెక్కి ఆయన దుకాణానికి చేరాను. బల్ల మీద దవడలు వాచినవాళ్లు వరుసగా కూర్చుని ఉన్నారు.

"ఏ పన్ను?" అన్నాడు డాక్టరు.

"పన్ను గాదు డాక్టర్ సాబ్. భాష నేర్చుకుందామని వచ్చిన."

"భాష గూడ నోట్లనే ఉంటది. కూసో. నోరు తెరువు."

ఆయన దగ్గర ఉన్నది ఒకటే కుర్చీ. ఆ కుర్చీలో కూర్చున్న మనిషి నోట్లో పని చేయకుండా ఉండటం ఆయన చేతులకు అలవాటు లేదు. కాబట్టి నా చైనీసు చదువంతా నోరు తెరుచుకునే సాగింది. ఆయన నా పళ్లు గీకుతూ మాట చెప్పేవాడు, చెయ్యి బయటికి తీసినంత సేపట్లో నేను తిరిగి అనాలి.

"ఛి ఫాన్ ల మా," అన్నాడు మొదటి పాఠంగా.

"అంటే?"

"తిన్నవా అని. మా దిక్కు మనిషి కనవడితె గట్లనే అడుగుతరు."

నేను కుర్చీలోంచి లేవబోయాను. మా దిక్కు మాత్రం ఇంకేమని అడుగుతాం? పొద్దున కనిపించినా సాయంత్రం కనిపించినా తిన్నవా అనే కదా. పైగా ఆ భాషలో మాటకు తోకలు ఉండవట. నేను తిన్నా, నువ్వు తిన్నా, నిన్న తిన్నా, రేపు తిన్నా మాట మాటలాగే ఉంటుందట. ఇంత బుద్ధిమంతమైన భాషను కష్టమని ఎవరన్నారో వాళ్లను చూడాలనిపించింది. చైనీసు సగం వచ్చేసిందని ఆ రోజు బస్సులో పక్కవాడితో చెప్పాను కూడా.

మిగతా సగం మరుసటి ఆదివారం ఎదురైంది.

"మాయ్ అంటె కొనుడు," అన్నాడు డాక్టరు. "మాయ్ అంటె అమ్ముడు."

"రెండు ఒక్కటే గద."

"ఒక్కటెట్లైతది? ఇను."

ఆయన మళ్లీ అన్నాడు. మొదటి మాయ్ బావిలోకి చేద దిగి మళ్లీ పైకి వచ్చినట్టు ఉంది. రెండో మాయ్ కొమ్మ మీద గొడ్డలి పడ్డట్టు ఉంది. విన్నాను, తలూపాను. తర్వాత ఆయన ఇల్లు కొంటున్నానని చైనీసులో అనమంటే, అలవాటు ప్రకారం కళ్లు మూసుకుని, ఊగుతూ, ఎక్కాల రాగంలో ఎత్తుకున్నాను. ఆ రాగంలో పడ్డాక చేదా లేదు, గొడ్డలీ లేదు. అన్ని మాటలూ ఒకే దారిన మందలా నడిచాయి.

డాక్టరు పట్టకారు పక్కన పెట్టాడు.

"ఇప్పుడు నువ్వు కొంటున్నవా, అమ్ముతున్నవా?"

"కొంటున్న సాబ్."

"కాదు. ఇల్లు అమ్ముకుంటున్నవు."

"నాకు ఇల్లే లేదు సాబ్. దాని కోసమే గద గీ తిప్పలు."

బల్ల మీద దవడకు గుడ్డ కట్టుకుని కూర్చున్న ఒక ముసలవ్వ అంత నొప్పిలోనూ జోక్యం చేసుకుంది. "ఇల్లు అమ్మకు కొడుకా. మీ బాపుకన్న ఒక మాట చెప్పు."

డాక్టరు నాకు ఎంతో ఓపికగా చెప్పి చూశాడు. "నీ రాగం తీసెయ్యి. మా మాటకు దాని రాగం దానికే ఉంటది. నీ రాగం పైనుంచి ఏస్తె మాట సచ్చిపోతది." రాగం తీసేస్తే నాకు మాట జ్ఞాపకం ఉండదు, రాగం పెడితే ఆయనకు మాట అర్థం కాదు. అట్లా కొన్ని ఆదివారాలు ఇల్లు కొంటూ అమ్ముతూ గడిపాక, ఇన్నిసార్లు కూర్చోబెట్టి ఊరికే పంపడం బాగుండదని ఆయన నా జ్ఞానదంతం ఒకటి పీకి చేతిలో పెట్టాడు. చైనీసుకు అక్కడితో సెలవు చెప్పాను.

ఇక మిగిలింది సెర్బియను. దీనికి గురువు మా గనిలోనే దొరికాడు. పాతాళం నుంచి బొగ్గు తొట్లను పైకి లాగే కొత్త ఇంజను బిగించడానికి మిలాన్ అనే ఫిట్టరు ఆ దేశం నుంచి వచ్చి ఏడాదిగా ఉంటున్నాడు. మనిషి దూలంలా ఉండేవాడు. పిట్ట మీద ఎండ పడినా జాలిపడేంత మెత్తని మనిషి. కార్మికుల మధ్య తిరిగి మా తెలుగు కూడా కొంత పట్టాడు. తన భాష నేర్చుకుంటానని ఒకడు వచ్చేసరికి ఆయనకు కళ్లు చెమర్చాయి.

"నర్సయ్యా, మా భాష మంచిగుంటది. రాసినట్టే చదువు. చదివినట్టే రాయి."

మనదీ అంతే కదా అనుకున్నాను. ఇంకో సంగతి చెప్పాడు. ఆయన పేరు మిలాన్. కానీ పిలిచేటప్పుడు మిలానే అనాలట.

"మాకు గూడ గంతే. నేను నర్సయ్యను. పిలిస్తె నర్సయ్యా అంటరు," అన్నాను.

ఆయన లేచి నన్ను కౌగిలించుకుని ఒక చెంప మీద, రెండో చెంప మీద, మళ్లీ మొదటి చెంప మీద ముద్దులు పెట్టాడు. వాళ్ల పద్ధతి అదట. ఇంజను దగ్గరి కార్మికులు పని ఆపి చూశారు. ఆ తర్వాత వారం రోజులు నేను ఎటు పోయినా "మిలానే" అని పిలిచారు.

సెర్బియనుకు తోకల బాధ ఉంది. ఇల్లు, ఇంటికి, ఇంట్లో, ఇంటితో అని మనం అన్నట్టే వాళ్లూ మాట చివర మారుస్తారు. అది నాకు కష్టమనిపించలేదు, పుట్టినప్పటి నుంచి చేస్తున్న పనే. కష్టమల్లా కొన్ని మాటల్లో అచ్చులు దొరక్కపోవడం. వేలును ప్ర్స్త్ అంటారు. నేను ఎంత బిగబట్టినా చివరికి ప్రుస్తు అనే వచ్చేది.

"తప్పా?" అని అడిగేవాణ్ణి.

"తప్పే. గానీ అర్థమైతది," అనేవాడు మిలాన్.

ఈ ఒక్క మాటతో నేను తీర్పు చెప్పేశాను. చైనీసులో మాట సులువు, దాని రాగం తప్పితే ఇల్లు అమ్ముడుపోతుంది. సెర్బియనులో మాట బరువు, దాన్ని ఏ రాగంలో ఈడ్చినా గమ్యం చేరుతుంది. నా దగ్గర ఉన్నది ఒకే రాగం కాబట్టి నాకు సెర్బియనే తగింది. నేర్చుకోబోయేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే గుర్తు పెట్టుకోండి. ఇంతవరకు నేను చెప్పిందాంట్లో తప్పు లేదు. తప్పంతా ఇకనుంచి మొదలవుతుంది.

ఇద్దరు మనుషులు కలిస్తే ఏమేం మాట్లాడుకుంటారో అన్నీ నేర్పమన్నాను. మిలాన్ రెండు స్టూళ్లు వేశాడు. ఒక స్టూలు మీద కూర్చుని ఇంటాయనగా మాట్లాడేవాడు, లేచి రెండో దాని మీద కూర్చుని వచ్చినాయనగా జవాబిచ్చేవాడు. దోబర్ దాన్, అంటే నమస్కారం. ఎట్లున్నారు? బాగున్నాం. కూర్చోండి. ప్రయాణం ఎట్లా జరిగింది? బాగా జరిగింది. కాఫీ తాగుతారా? వద్దు, ఇప్పుడే తాగాను. కొంచెం తాగండి. వద్దండి. ఇంట్లో అందరూ బాగేనా? బాగే. ఇక సెలవా? ఉండండి. లేదు, దూరం పోవాలి. అయితే స్రెచన్ పూత్, శుభప్రయాణం. మళ్లీ రండి. దొవిజేన్యా, అంటే సెలవు.

ఎంత అందమైన పాఠం. మొదలు ఉంది, చివర ఉంది. నేను మొత్తాన్ని ఎక్కాల రాగంలోకి దించి, మెస్సు నల్లా దగ్గర స్నానం చేస్తూ, గనికి నడుస్తూ, ఆఫీసులో కాగితాలు సర్దుతూ చదివాను. దోబర్ దాన్ అని మొదలు పెడితే దొవిజేన్యా దాకా ఊపిరి తీసుకోకుండా పోయేవాణ్ణి. మధ్యలో ఎవరైనా ఆపితే మళ్లీ మొదటి నుంచి రావలసిందే. పన్నెండో ఎక్కంలో ఏడు దగ్గర ఆపి అక్కణ్ణుంచి చెప్పమంటే మీరు మాత్రం చెప్పగలరా?

మిలాన్ ఒకటి రెండుసార్లు చెయ్యి అడ్డం పెట్టాడు. "నర్సయ్యా, ఆగు. నువ్వు ఒకటి అను. నేను ఒకటి అంట. మళ్ల నువ్వు."

"ముందు మొత్తం రానియ్యి మిలానే, ఆగుడు తర్వాత నేర్చుకుంట."

రహీం సాబ్‌కు కూడా అనుమానం వచ్చింది.

"నర్సయ్యా, నువ్వు ఒకటి అడుగుతవు. అవతలాయన జవాబు చెప్తడు గద. గప్పుడెట్ల?"

"గా జవాబు గూడ నాకే వస్తది సాబ్," అన్నాను గర్వంగా.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. 

వచ్చే రోజు రానే వచ్చింది. మేనేజరు దొర ఏర్పాట్లన్నీ క్లబ్బులో చేయించాడు. మైకు, కుర్చీలు, పూలకుండీలు, వెనక పెద్ద పొయ్యిల మీద బిర్యానీ. ఆయన క్లబ్బులో ఎదురుచూస్తాడు, నేను గేటు దగ్గర స్వాగతం చెప్పి అతిథులను బ్యాండుతో అక్కడికి నడిపించుకుని రావాలి. మిలాన్ తనవాళ్లకు నడిపి చూపించాల్సిన ఇంజనుకు నూనె పెడుతూ గని దగ్గరే ఉండిపోయాడు. దండలు పట్టుకుని రహీం సాబ్ నా పక్కన నిలబడ్డాడు. నా చివరి మాట కాగానే వాయించాలని బ్యాండువాళ్లకు చెప్పి పెట్టాను.

జీపు వచ్చి ఆగింది. ఇద్దరు దిగారు. ఒకాయన గుబురు మీసాల పెద్ద ఇంజనీరు, ఇంకొకాయన సన్నని చిన్న ఇంజనీరు. పాపం ఇద్దరి ముఖాలూ దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. నేను ముందుకు నడిచాను. చేతులు జోడించాను. కళ్లు వాటంతటవే మూసుకున్నాయి.

"దోబర్ దాన్," అన్నాను.

పెద్దాయన ముఖం వెలిగిపోయిందని రహీం సాబ్ తర్వాత చెప్పాడు. ఆయన నోరు తెరిచి ఏదో సంతోషంగా అనబోయాడట. కానీ అప్పటికే నేను ఎట్లున్నారు అని అడిగి, బాగున్నామని చెప్పేసి, కూర్చోమంటున్నాను. ఆయన కుర్చీ కోసం చుట్టూ చూశాడట. గేటు దగ్గర కుర్చీ ఎక్కడిది? ఆయన చూపు తిరిగి వచ్చేలోగా నేను కాఫీ ఇవ్వజూపడం, ఆయన తరఫున వద్దనడం, కొంచెం తాగమని బతిమాలడం, మళ్లీ వద్దనడం అయిపోయాయి. ఆయన ఇంకోసారి నోరు తెరిచాడట. నేను ఊగుతున్నాను. ఇంట్లో అందరూ బాగే. ఇక సెలవా? ఉండండి. లేదు, దూరం పోవాలి. స్రెచన్ పూత్. మళ్లీ రండి. దొవిజేన్యా.

కళ్లు తెరిచాను. ఒక్క మాట పొల్లు పోలేదు. బ్యాండు అందుకుంది. రహీం సాబ్ దండలు వేశాడు. కార్మికులు చప్పట్లు కొట్టారు. పెద్ద ఇంజనీరు చిన్న ఇంజనీరు వైపు చూశాడు, చిన్నాయన భుజాలెగరేశాడు. తర్వాత ఇద్దరూ నా చెయ్యి పట్టి గట్టిగా ఊపి, జీపెక్కి, వచ్చిన దారినే వెళ్లిపోయారు.

వాళ్ల తప్పేం లేదు. పొద్దుటి నుంచి దారి పొడుగునా ప్రతి ఊళ్లోనూ జీపు ఆపి, దండలు వేసి, నాలుగు మాటలు చెప్పి పంపిస్తున్నారట. ఇదీ అట్లాంటిదే, కాకపోతే ఇక్కడ మన భాషలో సాగనంపారు, మర్యాద తెలిసిన ఊరు అనుకున్నారట. నేనైతే జీపు తిప్పుకుని వెనక గేటు నుంచి క్లబ్బుకు వస్తారనుకున్నాను. బ్యాండును నడవమన్నాను. మేం క్లబ్బుకు చేరాం.

మైకు ముందు మేనేజరు దొర చేతులు చాచి, "మన ప్రియమైన అతిథులు," అన్నాడు. బ్యాండు పక్కకు తప్పుకుంది. వెనక నేనున్నాను. నా వెనక ఎవరూ లేరు.

"అతిథులేరి నర్సయ్యా?" అన్నాడు. మైకు ఆపలేదు కాబట్టి కాలనీ అంతా విన్నది.

"ఇటు రాలేదా సార్?"

"నన్నడుగుతావేమయ్యా?"

రహీం సాబ్ దగ్గి, నిదానంగా చెప్పాడు. "వాళ్లు పోయిండ్రు సార్. నర్సయ్య మంచిగ సాగనంపిండు. స్రెచన్ గిచన్ అని చెయ్యి గూడ ఊపిండు. ఒక్క మాట తప్పు పోలే."

"రాగానే సాగనంపావా?"

"పాఠం గట్లనే ఉంది సార్," అన్నాను.

"అయ్యా నర్సయ్య గారండీ," అన్నాడు మేనేజరు. గారూ అండీ రెండూ వచ్చాయంటే ఇక నా తాత్కాలికం కూడా తాత్కాలికమేనని అందరికీ తెలుసు. నా కళ్ల ముందు క్వార్టర్ తలుపులు టక్కున మూసుకున్నాయి. మామ ముఖం కనిపించింది. సత్తెమ్మ ముఖం కనిపించలేదు, అంత ధైర్యం చేయలేకపోయాను. డోలు వాయించేవాడి సైకిలు గోడకు ఆనించి ఉంది. అడగకుండానే ఎక్కి తొక్కాను.

దేవుడు నా మీద దయతో ఒక బొగ్గు రైలును పంపాడు. ఊరి బయట రైల్వే గేటు వేసి ఉంది. వ్యాగన్ల మీద వ్యాగన్లు పోతున్నాయి. గేటు ముందు జీపు ఆగి ఉంది. నేను పోయి జీపు ముందు సైకిలు అడ్డంగా పడేశాను.

పెద్ద ఇంజనీరు నన్ను గుర్తుపట్టి దోబర్ దాన్ అన్నాడు. నోరు తెరిచాను. వెంటనే మూసుకున్నాను. ఇక్కడ మొదలు పెడితే మళ్లీ ఎక్కడ తేలుతానో నాకు తెలుసు. కాఫీ వద్దనిపించి, శుభప్రయాణం చెప్పి మరోసారి పంపించేస్తాను. నాకు తెలిసిన సెర్బియనులో మనిషిని వెనక్కి పిలిచే మాట ఒక్కటీ లేదు. కాబట్టి జీపు డ్రైవరు వైపు తిరిగి, ఉన్నదున్నట్టు చెప్పుకున్నాను.

"అన్నా, నేను తప్పు జేసిన. వీళ్లు మా క్లబ్బుల తినాలె. బిర్యాని ఉడికింది. వీళ్లు తినకుంట పోతె నా కొలువు పోతది. కొలువు లేకుంటె క్వార్టర్ రాదు. క్వార్టర్ లేకుంటె మా మామ నా భార్యను తోలియ్యడు. ఏడాదాయె అన్నా. జర జెప్పు."

చివరి మాట దగ్గర చొక్కా చేత్తో కళ్లు తుడుచుకున్నాను. డ్రైవరు హైదరాబాదు మనిషి. సంగతంతా తలపంకిస్తూ విని, వెనక్కి తిరిగి, తనకు వచ్చిన ఇంగ్లీషులో సారాంశం చెప్పాడు.

"సార్, యూ నో ఈటింగ్, హిజ్ వైఫ్ నో కమింగ్."

ఇద్దరు ఇంజనీర్లూ నన్ను కింది నుంచి పైదాకా చూశారు. చెమట, దుమ్ము, ఇస్త్రీ చొక్కా, కళ్లలో నీళ్లు. పెద్దాయన మీసాల కింద ఏదో కదిలింది. తర్వాత ఆయన నవ్విన నవ్వుకు బొగ్గు రైలు చప్పుడు వినిపించలేదు. జీపు దిగి నా సైకిలు తానే ఎత్తి వెనక వేశాడు. నన్ను తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. గేటు తెరిచేలోగా జీపు వెనక్కి తిరిగింది.

వాళ్లు బిర్యానీ తిన్న తీరుకు వండినవాళ్లు మురిసిపోయారు. మిలాన్‌ను గని దగ్గర నుంచి పిలిపించారు. సంగతి విని ఆయన బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చేంతగా నవ్వాడు. పెద్ద ఇంజనీరు ఇంగ్లీషులో ఉపన్యాసం ఇస్తూ, పొద్దుటి నుంచి అందరూ దండలు వేసి పంపారు గానీ, అన్నం తినలేదని వెంటపడి ఏడ్చి తీసుకొచ్చినవాణ్ణి ఇక్కడే చూశానన్నాడు. మేనేజరు దొర చప్పట్లు కొట్టాడు గానీ నా వైపు చూడలేదు.

మర్నాడు నన్ను పిలిపించాడు. నేను రాజీనామా ఏ భాషలో రాయాలా అని ఆలోచిస్తూ వెళ్లాను.

"నర్సయ్యా, నీ ఉద్యోగం ఖాయం చేయిస్తున్నాను. క్వార్టర్ కూడా ఇస్తున్నాను. ఈ వారమే చెన్నూరు వెళ్లి మీ ఆవిణ్ణి తీసుకురా."

నా చెవులను నేను నమ్మలేదు.

"అతిథులు నన్ను మెచ్చుకున్నందుకా సార్?"

"కాదయ్యా. పెళ్లాం దగ్గర లేని మనిషికి తీరిక ఎక్కువ. తీరిక ఎక్కువైతే భాషలు నేర్చుకుంటాడు. వచ్చే నెల చైనా వాళ్లు వస్తున్నారు. ఈలోగా నువ్వు కాపురం పెట్టెయ్."

సత్తెమ్మ వచ్చింది. చైనా వాళ్లు గేటు దగ్గర దిగిన రోజు నేను ఆమె చెప్పినట్టు నిచ్చెనెక్కి క్వార్టర్‌కు సున్నం వేస్తున్నాను. స్వాగతం రహీం సాబ్ నమస్కారంతో చెప్పాడట, అందరూ తినే వెళ్లారట.

కనుక పాఠక మహాశయులారా, మీ అందరి ఎదుట కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేస్తున్నాను. సెర్బియను గానీ చైనీసు గానీ, ఇకమీదట ఏ దేశపు భాష నేర్చుకున్నా దాంట్లో సగమే నేర్చుకుంటాను. మిగతా సగం అవతలి మనిషికి వదిలేస్తాను. సత్తెమ్మ దగ్గరైతే నా సగం కూడా ఆమెకే వదిలేసి చాలా ఏళ్లయింది, హాయిగా ఉన్నాను.